పేరులోనే చిరునామా

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా, పామేడు అనే గ్రామం ఉన్నది. తెలుగువారి నోట అది పామేడు. హిందీ రాతకోతల్లో పామేడ్. అక్కడ వన్యప్రాణుల అభయారణ్యం ఏర్పడినప్పుడు ఆ ఊరు మధ్యప్రదేశ్ రాష్ట్రపు బస్తర్ జిల్లాలో ఉండేది. 1998లో దంతెవాడ జిల్లాలోకి, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి, 2007లో బీజాపూర్ జిల్లాలోకి వచ్చింది. ఊరు అంగుళమైనా కదలలేదు. చిరునామా మాత్రం మూడుసార్లు మారింది.

పాత చిరునామాతో వచ్చిన ఉత్తరాన్ని తపాలా ఉద్యోగి నలుగురినీ అడిగి గమ్యం చేర్చగలడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే వస్తువే. అందుచేతనే కంప్యూటర్ ప్రోగ్రాములను సేకరించి ఉచితంగా పంచిపెట్టే సంస్థలు పేర్ల విషయంలో ఎంతో నిష్ఠ పాటిస్తాయి.

ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి 1993లో ప్రారంభించిన 'డెబియన్' ఇటువంటి సంస్థలలో పేరెన్నిక గన్నది. ఆ పేరులోనే ఒక ముచ్చట ఉన్నది: స్నేహితురాలు డెబ్రా పేరునూ, తన పేరునూ కలిపి అతడు దానిని కల్పించాడు. నేడు ఆ భాండాగారంలో 60,000కు పైగా పొట్లాలు, అనగా ప్యాకేజీలు, ఉన్నాయి. వీటి పేర్లలో రోమన్ చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క తప్ప మరేవీ చెల్లవు.

వీటిలో 'లైబ్రరీ'లది ప్రత్యేక స్థానం. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలయం కాదు; అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే పనిముట్ల పెట్టె. వీటికి నామకరణం చేయడంలో ఒక్కొక్క కంప్యూటర్ భాషది ఒక్కొక్క ఆచారం. పైథాన్ లైబ్రరీలకు మన తెలుగువారి వలె ఇంటిపేరు ముందు వస్తుంది: 'పైథాన్3' అని మొదలుపెట్టి, తరువాత అసలు పేరు. పెర్ల్ భాషలోని వాటికి ముందు 'లిబ్', చివర 'పెర్ల్' చేరుస్తారు. సి భాషలోని వాటికి చివర ఒక సంఖ్య ఉంటుంది. రహస్య లిపికి సంబంధించిన లైబ్రరీ ఒకప్పుడు 'లిబ్ఎస్ఎస్ఎల్1.1', తరువాత 'లిబ్ఎస్ఎస్ఎల్3'. పేర్లు వేరు కనుక రెండూ ఒకే యంత్రంలో కాపురం చేయగలవు. పాత ప్రోగ్రాము పాతదానిని, కొత్తది కొత్తదానిని పిలుచుకుంటుంది.

ఒకే పేరుకు ఇద్దరు హక్కుదారులు వస్తే? లైనస్ టోర్వాల్డ్స్ 2005లో 'గిట్' అనే సాధనాన్ని సృష్టించేనాటికే డెబియన్‌లో ఆ పేరుతో మరొకటి ఉన్నది. ముందు వచ్చినవానిదే పేరు. ప్రపంచప్రసిద్ధమైన గిట్ కొన్నేళ్ళపాటు 'గిట్-కోర్' అనే పేరుతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అన్ని తగాదాలూ ఇంత మర్యాదగా ముగియవు. జావాస్క్రిప్ట్ లైబ్రరీలను నిలవచేసే 'ఎన్‌పీఎమ్' అనే భాండాగారంలో ఒక ప్రోగ్రామర్ తన లైబ్రరీకి 'కిక్' అని పేరు పెట్టుకున్నాడు. అదే పేరుగల వ్యాపారసంస్థ ఆ పేరు తనదన్నది. నిర్వాహకులు పేరును సంస్థకు ఇచ్చివేశారు. మనసు కష్టపెట్టుకున్న అతడు 2016 మార్చిలో తన లైబ్రరీలన్నిటినీ ఉపసంహరించుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్-ప్యాడ్' అనే 11 పంక్తుల చిన్న లైబ్రరీ ఒకటి. వ్రాతకు ఎడమవైపున ఖాళీలు చేర్చడమే దాని పని. దాని మీద వేలాది ప్రోగ్రాములు ఆధారపడి ఉన్న సంగతి అది మాయమైన తరువాత గాని ప్రపంచానికి తెలియలేదు. ఎక్కడి పనులక్కడ నిలిచిపోయాయి. కొద్ది గంటలలోనే దానిని పునరుద్ధరించారు. ఇతరులు ఆధారపడిన లైబ్రరీని యథేచ్ఛగా తొలగించకుండా ఆ తరువాత నిబంధనలు మార్చారు. ఒక పేరును పదిమంది నమ్ముకున్న తరువాత అది పెట్టినవాడి ఒక్కడి సొత్తు కాదు.

తెలుగుకూ ఈ భాండాగారంలో చోటున్నది. పోతన, వేమన అనే అక్షరరూపాలు డెబియన్‌లో 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీలో ఉన్నాయి. 'తెలుగు' అని పూర్తిగా ఎందుకు వ్రాయలేదని కొందరికి తోచవచ్చు. 'తెలు' అన్న నాలుగు రోమన్ అక్షరాలు తెలుగు లిపికి అంతర్జాతీయ సంకేతం. తెలుగు భాషకు సంకేతం వేరు: అది 'టి.ఇ.' అన్న రెండక్షరాలు.

ఈ భేదం చాదస్తం కాదు. దాని విలువ పామేడు వంటి చోట తెలుస్తుంది. ఆ సరిహద్దు అడవులలో కోయ భాష మాట్లాడేవారు ఉన్నారు. కోయను తెలుగు లిపిలో వ్రాసుకునేవారికి 'తెలు' అక్షరాలు చాలు. దేవనాగరిలో వ్రాసుకునేవారికి 'దేవ' అక్షరాలు ఉన్నాయి. లిపి ఏదైనా భాష సంకేతం మాత్రం ఒక్కటే: 'కె.ఎఫ్.ఎఫ్.' రాష్ట్రాల సరిహద్దు మారినా, జిల్లా పేరు మారినా అది మారదు.

రేపు ఎవరైనా యువకుడు కోయ భాషకు అక్షరదోషాలు దిద్దే పదకోశం తయారుచేస్తే, దానికి ఏమని పేరు పెట్టాలో అతడు వెతుక్కోనక్కరలేదు. 'హన్‌స్పెల్' తరువాత అడ్డగీత, ఆ తరువాత ఈ మూడక్షరాలు. ఇంటికి తలుపు సంఖ్య ముందే పడి ఉన్నది. ఇల్లు కట్టుకోవడమే తరువాయి.