వేగానికి పొదుపు పగ కాదు

మోటారు పందెం అనగానే అది ధనవంతుల వినోదమనీ, పెట్రోలును నీళ్ళప్రాయంగా తగలేసే వ్యసనమనీ మనలో చాలామందికి ఒక స్థిరమైన అభిప్రాయం. సాహిత్యం గురించి రాసుకునే ఈ చోట కార్బురేటర్ గోల ఏమిటని మీలో కొందరికి నవ్వు కూడా రావచ్చు. అయినా నాకు చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలనిపించింది. పేదవాడి పందెంలో గెలుపును నిర్ణయించేది గుర్రపు శక్తి కాదు, మితం. ఈ సంగతి ఆ పందేలు ఆడేవారిలోనే చాలామంది గుర్తించడం లేదన్నది నా ఫిర్యాదు.

ముందు ఆ పందేల సంగతి. ఫ్రాన్సులో 1923 నుండి జరుగుతున్న 'ల మాన్' 24 గంటల పందెం జగద్విఖ్యాతం. దాని పేరును వెక్కిరిస్తూ అమెరికాలో జే ల్యామ్ అనే పాత్రికేయుడు 2006లో '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' మొదలుపెట్టాడు. అమెరికన్ల వాడుకలో లెమన్ అంటే కొన్నవాడి ఉసురు తీసే డొక్కు బండి. మూల నియమం ఒక్కటే: కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదు. తోలేవాడి ప్రాణం కాపాడే ఇనుప పంజరం, సీటు, బెల్టుల వంటివి ఆ లెక్కలోకి రావు. చాలా పందేలు శని, ఆదివారాల్లో పగటిపూట సాగుతాయి. ఎక్కువ చుట్లు తిరిగినవాడిదే గెలుపు. అయితే అక్కడ అన్నిటికన్నా గొప్పగా ఎంచే బహుమతి విజేతకు దక్కదు. ఎవరూ ఆశ పెట్టుకోని బండితో ఆశ్చర్యపరిచేటన్ని చుట్లు తిరిగిన జట్టుకు దక్కుతుంది.

ఇటువంటి పందేనికి 1970ల నాటి కారుతో వచ్చే జట్టు సాధారణంగా చేసే మొదటి పని, ఉన్న కార్బురేటర్ పీకేసి పెద్దది బిగించడం. పెద్ద గొంతు, పెద్ద జెట్లు, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి అని వారి తర్కం. గంటలో ముగిసే పందెమైతే ఈ తర్కానికి కొంత విలువ ఉంటుందేమో గానీ, రోజంతా సాగే పందేనికి ఇది పనికిరాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఒక బండి గంటకు 22.5 లీటర్లు తాగుతుందనీ, ట్యాంకులో వాడుకోదగినది 45 లీటర్లనీ అనుకోండి. అంటే రెండు గంటలకొకసారి ఆగాలి. ఎనిమిది గంటల శనివారం మూడుసార్లు ఆగక తప్పదు. ఇప్పుడు వాడకాన్ని 20 శాతం తగ్గించి 18 లీటర్లకు తెచ్చామనుకుందాం. ట్యాంకు రెండున్నర గంటలు వస్తుంది. కానీ ఎనిమిది గంటలకు మళ్ళీ మూడుసార్లే ఆగాలి! కష్టమంతా వృథా అనిపిస్తుంది. ఆదివారం ఏడు గంటలే ఉంటే మాత్రం కథ మారుతుంది. మూడుసార్లు ఆగవలసినవాడు రెండుసార్లతో సరిపెట్టుకుంటాడు. శనివారం కూడా ఒక మజిలీ తప్పించాలంటే ట్యాంకు రెండు గంటల నలభై నిమిషాలు రావాలి, అంటే వాడకం గంటకు 17 లీటర్లలోపు దిగాలి. పొదుపు ఫలం నేల వాలులా కాక మెట్లలా ఉంటుంది. మెట్టు ఎక్కేదాకా ఏమీ దక్కదు, ఎక్కితే ఒక మజిలీ మొత్తం మిగులుతుంది. మజిలీకి ఐదు నిమిషాలు, చుట్టుకు రెండు నిమిషాలు అనుకుంటే ఒక్క మజిలీ తప్పించడం రెండున్నర చుట్లతో సమానం. కొత్తగా సంపాదించిన నాలుగైదు గుర్రాల శక్తి అన్ని చుట్లు తెచ్చిపెట్టడం కష్టం.

మరి ఆ 20 శాతం ఎక్కడి నుండి వస్తుంది? సగానికి పైగా కార్బురేటర్ నుండే వస్తుందని నా వాదన. రసాయన శాస్త్రం ప్రకారం ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గరిష్ఠ శక్తి మాత్రం దాదాపు 12.5 నుండి 13 పాళ్ళ దగ్గర వస్తుంది. ఆ ప్రాంతంలో శక్తి రేఖ ఇంచుమించు చదునుగా ఉంటుంది. భయం కొద్దీ చిక్కటి మిశ్రమం పెట్టుకుని 11.5 దగ్గర నడిపే బండిని 13కి తెస్తే శక్తి తగ్గదు, పెట్రోలు మాత్రం 11 శాతం పైగా మిగులుతుంది. దీనికి కావలసింది నాలుగైదు డాలర్ల ఇత్తడి జెట్టు, ఓపిక. పొగగొట్టంలో ఆక్సిజన్ కొలిచే పరికరం ఎరువు దొరికితే మరీ మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పొదుపు వేరు, లోభం వేరు. పూర్తిగా తొక్కినపుడు కూడా మిశ్రమాన్ని మరీ పలచన చేస్తే సిలిండరులో వేడి పెరిగి, ఇంజను టకటకా కొట్టుకుని, చివరికి పిస్టను తలకు చిల్లు పడుతుంది. ఆ తర్వాత ఎంత పెట్రోలు మిగిలినా ఒక్కటే. పూర్తి తొక్కుడులో 13, సగం తొక్కుడులో 15 పైన అన్న వివేకం ఉండాలి. పాత కార్లలో విరివిగా కనిపించే వెబర్ 32/36 ఈ వివేకాన్ని తన నిర్మాణంలోనే దాచుకుంది. దానికి రెండు గొంతులు. 32 మిల్లీమీటర్లది ముందు తెరుచుకుంటుంది. పెడల్ బాగా లోతుకు వెళ్ళాక గానీ 36ది కదలదు. మొదటి గొంతును పలచగా, రెండోదాన్ని కాస్త చిక్కగా అమర్చుకోవచ్చు. రెండు గొంతులూ ఒకేసారి తెరుచుకునే వెబర్ 38 బిగించినవాడు శక్తి కోసం ఈ వెసులుబాటును వదులుకున్నట్టే.

కార్బురేటర్‌కు లోపాలు లేవని నేననను. మలుపులో ఒక జీ పార్శ్వబలం తగిలితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. ఒకవైపు తిరిగితే పొర్లుతుంది, ఇంకొకవైపు తిరిగితే జెట్టుకు అందదు. ఐదు వేల అడుగుల ఎత్తున గాలి సాంద్రత సుమారు 14 శాతం తగ్గి, మిశ్రమం తనంతట తానే ఏడు శాతం దాకా చిక్కబడుతుంది. కంప్యూటర్ ఇంజెక్షన్ ఇవన్నీ సరిచూసుకుంటుంది. అందుకే అమెరికన్ నాస్కార్ అగ్రశ్రేణి పందేలు కూడా 2012లో కార్బురేటర్‌ను వదిలేశాయి. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలోనూ అది చాలావరకు కనుమరుగైంది. కొత్తగా కొనేవారికి ఇంజెక్షనే మేలు, సందేహం లేదు. కానీ ఉన్నది కార్బురేటర్ అయినవాడు దాన్ని తిట్టుకోకుండా దాని భాష నేర్చుకోవాలన్నదే నా మనవి. బజాజ్ చేతక్ వంచి స్టార్టు చేసిన తరానికి, మెకానిక్కు చెవొగ్గి విని స్క్రూ పావు చుట్టు తిప్పితే ఇంజను గొంతు మారిపోవడం తెలిసిన తరానికి, ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

మిగిలిన తొమ్మిది శాతం పాదంలో ఉంది. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. కనుక తిన్నని దారి చివర బ్రేకు తొక్కడానికి ఒకటి రెండు సెకన్ల ముందే పెడల్ వదిలేస్తే, పోయే కాలం స్వల్పం, మిగిలే ఇంధనం గణనీయం. పైగా బ్రేకులూ టైర్లూ నిలుస్తాయి.

ఈ పొదుపు పేదల బలహీనతేమీ కాదు. ల మాన్‌లోనే 1959 నుండి కొన్నేళ్ళపాటు ఇంధనాన్ని సమర్థంగా వాడిన కారుకు వేరే బహుమతి ఉండేది. 1973 చమురు సంక్షోభం దెబ్బకు మరుసటి ఏడు డేటోనా 24 గంటల పందెం అసలు జరగనే లేదు. 1982లో వచ్చిన గ్రూప్ సి నియమాలు కోట్ల ఖరీదు చేసే కార్లకు కూడా వెయ్యి కిలోమీటర్లకు 600 లీటర్లని గిరి గీశాయి. మహా మహా ఇంజనీర్లు ఆ గిరిలోనే తమ విద్య చూపారు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది మరొకటుంది. ఈ పందేలలో పెట్రోలు పోసేది డబ్బాలతో, చేతులతో. పక్కనే ఎర్రగా కాలిన పొగగొట్టం, అగ్నిమాపక యంత్రం పట్టుకుని నిలబడ్డ స్నేహితుడు. రోజంతటిలో అందరూ ఊపిరి బిగబట్టే క్షణాలు అవే. జెట్టు మార్చి ఒక మజిలీ తప్పించినవాడు రెండున్నర చుట్లు సంపాదించడమే కాదు, తన మిత్రులను ఒక్కసారి తక్కువగా నిప్పు పక్కన నిలబెట్టాడు. పెద్ద కార్బురేటర్ కొనే ముందు ప్రతి జట్టూ ఈ లెక్క కూడా వేసుకోవాలని నా కోరిక.