కౌలు గడువును బట్టియే నేల బాగు

ఒక వేసవిలో గౌడవెల్లి గ్రామమున ఒక కౌలు రైతుతో జరిగిన సంభాషణ ఈ వ్యాసమునకు కారణమైనది. ఆయన చేయునది మూడెకరముల ఎఱ్ఱ చెల్క. బోరుబావి నీటితో కూరగాయలు పండించును. నేల గట్టిపడి, పెట్టిన తడి రెండు దినములు కూడ నిలువకుండెను. నేను అలవాటు చొప్పున చెప్పవలసినది చెప్పితిని.

"పెద్దాయనా, ఎండలలోనే చెరువు పూడిక మట్టి తోలండి. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. నేల గుల్లబారుతుంది."

ఆయన ఓపికగా విని ఇట్లనెను: "నువ్వు చెప్పింది నిజమే సారూ. మట్టి తోలుడు నాకు తెల్వదా? ట్రాక్టరు కిరాయి నాది, మన్ను పట్నపాయన భూమిల పడుతది. వచ్చే ఉగాదికి ఈ చెల్క నాకుంటదో లేదో నాకే తెల్వదు."

దానికి నావద్ద జవాబు లేకపోయెను. పూడిక మట్టి ఒకసారి తోలిన మూడు నాలుగేండ్లు దాని గుణము నిలుచును. పచ్చిరొట్ట ఫలితము కూడ ఏటేట కలియదున్నిన కొలది హెచ్చును. కౌలు మాత్రము ఏడాదిది. మూడేండ్లకు ఫలించు పనిని ఏడాది గడువు గల మనిషికి చెప్పుట నా పొరపాటు. రోగము కౌలు గడువులో ఉండగా నేను నేలకు మందు చెప్పితిని.

నేడు ఈ ప్రాంతమున కౌలుకిచ్చువారు చాలవరకు పట్నమున నివసించు యజమానులు. ఒకప్పుడు మన దేశమున అందరికంటె పెద్ద యజమాని ప్రభుత్వమే. బీళ్లను సాగులోనికి తెచ్చుటకు కొత్తవారిని పిలిచి, కౌలు వ్రాసియిచ్చి కాపురముంచెడివారు. ఆ కాలపు మంచిచెడ్డలు తెలిసికొనిన నేటి కౌలును ఎట్లు చక్కబరుపవలెనో తోచగలదు.

ఇస్తావా కౌలు

దక్కను దేశమున బీడు విరుచువానికి "ఇస్తావా" అను పద్ధతిపై కౌలు ఇచ్చెడివారు. మొదటి ఏడు శిస్తు నామమాత్రము. రెండవ ఏడు కొంచెము. ఆ పిమ్మట ఏటేట మెట్టు మెట్టుగా పెరిగి కొన్నేండ్లకు పూర్తి శిస్తు. తుమ్మలు కొట్టి, రాళ్లు ఏరి, గట్లు వేసిన తొలి ఏండ్లలో రైతుకు చేతికి వచ్చునది స్వల్పమని ఎరిగి చేసిన ఏర్పాటిది. నేల ఇచ్చుకొలది పుచ్చుకొనుట ఇందలి నీతి. భూసార శాస్త్రము పుట్టకముందే మన పెద్దలు దీనిని కనుగొనిరి.

అయితే అదే హైదరాబాదు సంస్థానమున ఇజారా అను పద్ధతియు ఉండెను. పాడుపడిన గ్రామమును మొత్తముగ ఒక ఇజారాదారునికి అప్పగించెడివారు. అతడు రైతులను తెచ్చి ఊరు నిలుపవలెను. సర్కారుకు ఒప్పుకొనిన పైకము కట్టవలెను. ఊరు నిలిచిన చోట్లు లేకపోలేదు. కాని కాగితముపై పేరు ఇజారాదారునిది, చేనిలో చెమట రైతుది. బావి త్రవ్వినవానికి ఆ బావిపై హక్కు ఏమియు వ్రాసియుండలేదు.

మన మేడ్చల్ ప్రాంతము అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దాలోనిది. అనగా నిజాము ప్రభువు స్వంత ఖర్చులకై ఉంచుకొనిన సర్ఫేఖాస్ ఇలాకా. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసినది. అదే ఏట జాగీర్లు రద్దయినవి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము వలన రక్షిత కౌలుదార్లకు హక్కులు కలిగినవి. పహాణీలో కౌలుదారు పేరు ఉండుట ఎంత విలువగలదో ఆనాటి పట్వారీలందరును ఎరుగుదురు.

పంజాబు కాలువ కాలనీలు

బ్రిటిషువారి ఏలుబడిలో ప్రభుత్వ భూమికి కొత్తవారిని తెచ్చిన పని మిక్కిలి పెద్ద యెత్తున జరిగినది పంజాబులో. 1892లో దిగువ చీనాబు కాలువ పారగా, అంతవరకు పశువులు తిరిగిన మైదానములను చదరములుగా కొలిచిరి. ఒక్కొక్క చదరము సుమారు 28 ఎకరములు. ఇతర జిల్లాల నుండి వచ్చిన రైతులు సర్కారుకు కౌలుదార్లయిరి. ఊరిలోనే కాపురముండవలెను, ఇల్లు కట్టవలెను, చెట్లు నాటవలెను అను షరతులు వ్రాసిరి. షరతులు చెల్లించినవారికి స్థిరమైన హక్కు వచ్చునని ఆశ ఉండెను. ఆ ఆశతోనే రైతులు మట్టిని బంగారము చేసిరి. లాయల్‌పూరు గోధుమకును ప్రత్తికిని పేరుకెక్కినది.

నేల పండిన తరువాత ప్రభుత్వము 1906లో కొత్త బిల్లు తెచ్చెను. పాత ఒప్పందమును మార్చి, వారసత్వముపై కట్టుబాట్లు పెట్టి, అధికారుల పట్టు బిగించు బిల్లు అది. నీటి తీరువ కూడ పెరిగెను. 1907లో రైతులు వేలాదిగా కూడిరి. అజిత్ సింగు, లాలా లజపతిరాయి గార్లను మాండలేకు పంపివేసిరి. అయినను ఆందోళన ఆగలేదు. చివరకు వైస్రాయి మింటో ప్రభువు ఆ బిల్లుకు ఆమోదము నిరాకరించవలసి వచ్చెను.

అంత బలముగల ప్రభుత్వము రైతు ముందు వెనుకంజ వేయుటకు కారణమేమి? కౌలు అనునది ఇద్దరి మాట. రైతు తన వంతు మాటను చెమటతో చెల్లించిన తరువాత రెండవవాడు మాట మార్చిన యెడల ఎవరును సహింపరు.

బీడు కనబడినదెల్ల బీడు కాదు

పంజాబులో తగవు వచ్చినది కొత్తగా వచ్చినవారికిని సర్కారుకును. మన ఆదిలాబాదులో అంతకంటె కష్టమైన తగవు వచ్చెను. కొత్తవారి రాకకు ముందే అక్కడ దున్నుచున్నవారు కలరు.

గోండులు తేలిక నేలలను కొన్నేండ్లు దున్ని, సారము తగ్గగానే పడావు విడిచి, వేరొక చెల్కకు పోయి, నేల కోలుకొనిన పిమ్మట తిరిగి వచ్చెడివారు. పశువుల ఎరువు చాలని చోట ఇది తెలివైన సేద్యము. కాని కొలతకు వచ్చిన ఉద్యోగి కంటికి పడావు నేలయు, ఎవరికిని చెందని బంజరును ఒక్క తీరుగనే కనబడెను. గోండుల చేత పట్టా లేదు. దున్నిన నేల సర్కారుదని, విడిచిన నేల బంజరని లెక్కలలో వ్రాయబడెను. కొంత భాగము రిజర్వు అడవిలో చేరెను. రైలు మార్గమును రోడ్లును వచ్చిన కొలది బయటి రైతులును, వ్యాపారులును వచ్చి పట్టాలు పొందిరి. తాత దున్నిన చేనిలో మనుమడు పాలేరాయెను.

దాని ఫలితము అందరెరిగినదే. 1940లో కుమ్రం భీము జోడేఘాటు వద్ద ప్రాణములు విడిచెను. అటుతరువాత నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని పంపి విచారణ చేయించెను. 1940 దశకమున ఆదిలాబాదు గిరిజనులకు లావణి పట్టాలిచ్చు పని జరిగెను. వేలాది కుటుంబములకు భూమి దక్కెను. అదే పని ఇరువదేండ్లు ముందు జరిగియున్న ఎంత దుఃఖము తప్పెడిదో! ఆపై 1959, 1970 సంవత్సరముల భూమి బదలాయింపు నిబంధనలు చేయవలసి వచ్చినదియు ఈ మొదటి వ్రాతలోని తప్పు వలననే అని నా తలంపు.

నిజాంసాగర్ క్రింద

కొత్తవారి రాక ఎల్లయెడల కీడే అనుట న్యాయము కాదు. మంజీరపై నిజాంసాగర్ నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు గారు దాని ఇంజనీరు. రెండు లక్షల ఎకరములకు పైగా మాగాణి కాదగిన నేలకు నీరు వచ్చినది. కాని జొన్న పండించుట ఎరిగిన రైతులకు కాలువ క్రింది వరి కొత్త. గుంటూరు, కృష్ణా మండలముల నుండి వచ్చిన రైతులు కొన్ని చోట్ల కొనియు, కొన్ని చోట్ల కౌలుకు తీసికొనియు బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలో నిలిచిరి. వారు కట్టుకొనిన పల్లెలు నేటికిని "క్యాంపులు" అను పేరనే పిలువబడుచున్నవి. మడి చదును చేయుట, పిల్లిపెసర చల్లుట, నీటిని పొదుపుగా పారించుట స్థానికులు వారిని చూచి నేర్చిరి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడగా చెరకు పెరిగెను.

వచ్చినవారు నిలిచినందున నేల బాగుపడినది. కాని నీటి విలువ తెలియక ముందే చౌకగా అమ్ముకొనిన స్థానిక రైతుల మాటయు మరువరాదు. వారికి తొలి నాలుగేండ్లు ఇస్తావా వంటి సడలింపును, వరి సాగులో శిక్షణయు దొరికియున్న, చాలమంది తమ నేలను తామే మాగాణి చేసికొనియుందురు.

మూడు సూత్రములు

ఈ చరిత్ర నుండి నాకు తోచినవి మూడు మాటలు. మొదటిది: కౌలు గడువు నేల పనికి సరిపోవలెను. రెండవది: నేల ఇచ్చుకొలది కౌలు పెరుగవలెను. మూడవది: దున్నువాని పేరు కాగితముపై ముందు వ్రాయవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను చివరకు నష్టపోవునది భూమియే.

ఇక నేటి మాట. 2011లో ఉమ్మడి రాష్ట్రమున సాగుదార్ల లైసెన్సు చట్టము వచ్చి, కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు ఇచ్చుటకు వీలు కలిగెను. ఆంధ్రప్రదేశమున 2019 చట్టము క్రింద పదునొకండు నెలల ఒప్పందముపై సాగుదారు హక్కు పత్రము ఇచ్చుచున్నారు. ఇవి మేలైన అడుగులు. పంట రుణమునకు ఏడాది గడువు చాలును. నేల బాగునకు చాలదు. తెలంగాణమున 2018లో మొదలైన రైతుబంధు పైకము పట్టాదారునకు చేరెను. దున్నువానికి చేరుట యజమాని దయపై ఆధారపడెను.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపొందినది. రాతి కడీలు పాతి, తీగ లాగి, పందిరి వేసి, రెండు మూడేండ్లు కాచుకొనిన గాని ఆ తోట ఫలమియ్యదు. స్వంత నేల గలవారు గనుక వేసిరి. నేటి ఏడాది కౌలుపై ఎవడైనను పందిరి వేయునా? 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసినపుడు ఎవరి పొలమునకు వారు మట్టి తోలుకొనిరి. కౌలు పొలములకు ఆ మట్టి ఎంత చేరెనో ఊరివారిని అడిగిన తెలియును.

యజమానుల భయమును నేను కొట్టివేయను. "కాగితము వ్రాసిన భూమి పోవును" అని ఒక పెద్దమనిషి నాతో అనెను. 1950 చట్టము నాటి జ్ఞాపకములు ఈ మాటకు మూలము. కాని 2011 చట్టము లైసెన్సు వలన యాజమాన్య హక్కు రాదని స్పష్టముగ చెప్పినది. ఆ పద్ధతిపైననే, యజమాని హక్కు చెక్కుచెదరకుండ, మూడు నుండి అయిదేండ్ల కౌలుకు చట్టము దారి చూపుట అవసరమని నా స్వంత అభిప్రాయము. యజమానికి కూడ ఇందు లాభమే. ఏటేట మారు కౌలుదారు నేలను పిండుకొని పోవును. అయిదేండ్లుండువాడు దానిని పోషించును.

చట్టము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. యజమానియు కౌలుదారును మొదట నేల పరీక్ష చేయించి ఆ చీటీని ఇద్దరును ఉంచుకొనవలెను. పూడిక మట్టి, బోరు మరమ్మతు వంటి ఖర్చులు ఎవరు పెట్టిరో వ్రాసికొని, కౌలుదారు ముందుగా విడువవలసివచ్చిన మిగిలిన ఏండ్ల వంతు తిరిగి ఇచ్చునట్లు మాట చేసికొనవలెను. మట్టి తోలిన ఏడు కౌలు తగ్గించి, తరువాతి ఏండ్లలో పెంచుకొనవచ్చును. ఇదే మన పాత ఇస్తావా. ఏడాదికి మించిన కౌలు పత్రము వ్రాయదలచినవారు రిజిస్ట్రేషను సంగతి తహశీల్దారు కార్యాలయమున ముందు విచారించవలెను.

గ్రామోద్యోగులకును, నా తోటి విస్తరణాధికారులకును ఒక మనవి. పంటల నమోదుకు పోయినపుడు పట్టాదారు పేరు చూచుకొని తిరిగిరాక, చేనిలో ఉన్నవానిని అడుగుదము. నేను కూడ మొదట్లో జాబితా ముందుపెట్టుకొని విత్తనముల రాయితీకి యజమానుల పేర్లే వ్రాసితిని. ఆ చేలలో నాగలి పట్టినవారు గట్టున నిలిచి చూచుచుండిరి. ఆదిలాబాదులో పడావును బంజరని వ్రాసిన ఉద్యోగి కూడ చెడ్డవాడు కాకపోవచ్చును. అడుగవలసినవానిని అడుగలేదు, అంతే.

గౌడవెల్లి పెద్దాయనను మరల కలిసినపుడు పూడిక మట్టి మాట ఎత్తలేదు. యజమాని ఫోను నంబరు అడిగి తీసికొంటిని. మొదట ఆయనతో మాటలాడవలసియున్నది.