నిమ్మకాయలు ఇంజనుకేనా?

ఆయుధపూజ రోజు ట్రాక్టరుకు పూజ చేసేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? కడిగేది ఇంజనునే. పసుపూ కుంకుమా బానెట్‌కే. బంతిపూల దండ ముందు లైట్లకు, నిమ్మకాయలు ఇంజను చక్రాల కిందకు. ట్రాలీ మాత్రం చింతచెట్టు కింద, ఎరువు మరకలతోనో ఎండిపోయిన టమాటా తొక్కలతోనో అలాగే ఉంటుంది. ఆఖర్న మిగిలిన కుంకుమ రెండు బొట్లుగా దాని వెనక తలుపు మీద పడితే గొప్ప. అదీ మనం గుర్తు పెట్టుకుని పెడితేనే.

పూజ సంగతి ఎలా ఉన్నా, ఏడాది పొడవునా జరిగేదీ ఇదే. ఇంజనుకు ఆయిల్ మారుస్తారు, సర్వీసు చేయిస్తారు, కొత్త టైర్లు వేయిస్తారు. ట్రాలీని మాత్రం ఎవరూ తట్టి చూడరు. ఇంజను మీద కూర్చునేది ఒక్క మనిషి. ట్రాలీలో కూర్చునేది ఎవరు? ఆడవాళ్లం, పిల్లలు, నడవలేని అవ్వాతాతలు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

నా పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. అత్తవారిది పుంగనూరు పక్కన. కాపురం మదనపల్లెలో. ఈ మూడు ఊళ్ల మధ్యే నా జీవితం తిరుగుతోంది కాబట్టి ట్రాలీ ప్రయాణాలు నాకు కొత్త కాదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర వస్తే చుట్టుపక్కల పల్లెలన్నీ కదులుతాయి. అడుగున వరిగడ్డి, దాని మీద జంపఖానా, ఒక మూలకు గ్యాసు పొయ్యి, బియ్యం మూట, అండాలు, తాడుతో కట్టిన మేకపోతు, మధ్యలో మనం. రాత్రి అక్కడే వంట, ట్రాలీలోనే పడక. పెళ్లయినా, చావు కబురైనా, టమాటా కోతకు కూలీకి పోవాలన్నా ఇదే బండి. బస్సు రాని పల్లెకు ట్రాలీయే బస్సు.

అమెరికాలో టెక్సస్‌లో ఉండే మా పిన్నమ్మ కూతురు ఆమధ్య వీడియో కాల్ చేసింది. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు లాంటి ట్రైలర్ అద్దెకు తీసుకుని పిల్లలతో అడవికి క్యాంపింగ్ పోతున్నారట. లోపల మంచాలు, స్టవ్, సింకు అన్నీ చూపించింది. "బాగుందే, మన జాతర ట్రాలీకి పైకప్పు వేసినట్టుంది" అంటే ఒకటే నవ్వు. మరిది ఎక్కడని అడిగితే ఫోను తిప్పింది. ఆయన చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని గాలి కొలుస్తున్నాడు. "అరగంట నుంచీ అంతే అక్కా. ఇది కాకముందు కదలడు" అంది.

ఆ అరగంటలో ఏం చూస్తారని నేను వదలకుండా అడిగాను. ఆ ట్రైలర్‌కు సొంత బ్రేకులుంటాయట. కారు బ్రేకు తొక్కితే వెనక దాని చక్రాలూ పట్టుకుంటాయి. పొరపాటున కారు నుంచి ఊడిపోతే, కారుకు కట్టిన సన్న తీగ లాగుకుని ట్రైలర్ తనంతట తనే బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకు తప్పనిసరి. టైరు మీద గీతలు ఎంత కొత్తగా కనిపించినా ఐదారేళ్లు నిండితే మార్చేస్తారు. ఎందుకంటే ట్రైలర్ టైరు తిరిగి అరిగేది తక్కువ, ఎండకు నిలబడి చచ్చిపోయేది ఎక్కువ.

ఈ చివరి మాట మన ట్రాలీలకు అచ్చంగా సరిపోతుంది. పంట లేని నెలల్లో ట్రాలీ ఎండలో అలాగే పడి ఉంటుంది. ఒకే చోట బరువు మోసి మోసి టైరు కింద చదును పడుతుంది, పక్కల మీద సన్నగా వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి. అసలు మన ట్రాలీలకు చాలావాటికి వేసేది లారీ వాళ్లు తీసేసిన టైర్లో, మళ్లీ రబ్బరు ఎక్కించిన పాత టైర్లో. "ట్రాలీకేలే, చాలు" అనే మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో! ఆ టైరులో గాలి తక్కువైతే తిరిగేకొద్దీ నలిగి వేడెక్కుతుంది. మన జాతరలేమో ఎండాకాలంలోనే వస్తాయి. కింద కాలిన తారు రోడ్డు, పైన ముప్పై మంది బరువు, లోపల వేడి. పేలడానికి ఇంకేం కావాలి?

బ్రేకు సంగతి ఇంకా విచిత్రం. మన దగ్గర తిరిగే ట్రాలీల్లో ఎన్నింటికో బ్రేకు అనేదే లేదు. అడిగితే "ఇంజనుకు ఉంది కదా" అంటారు. మా ఆయన కూడా అదే అన్నాడు. సరే, లెక్క చూద్దాం. మామూలు ట్రాక్టరు బరువు రెండు టన్నులకు అటూ ఇటూ. నిండిన ట్రాలీ దానికి రెట్టింపు పైనే తూగుతుంది. చిన్నపిల్లాడు ఎద్దును పగ్గం పట్టి లాక్కుపోతున్నట్టు. మట్ట దారిలో ఎద్దు వెంట నడుస్తుంది. దిగుడులో మాత్రం ఎద్దే వాణ్ణి తోసుకుపోతుంది. ట్రాక్టరు బ్రేకు చాలావాటికి వెనక చక్రాలకే ఉంటుంది. అది గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ఆగాలని చూస్తుంది, ట్రాలీకి ఆ సంగతి తెలియదు, వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. మలుపులో అయితే ఇంజను పక్కకు తిరిగి, రెండూ మడిచిన కత్తిలా ముడుచుకుని బోల్తా పడతాయి. పైన జనం నిలబడి ఉంటే ఆ బోల్తా ఇంకా సులువు.

మన పక్క నేల ఎలాంటిదో మనకు తెలియనిదా? గుట్టలు, గడ్డలు, చెరువు కట్టలు. హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డే ఎక్కనక్కరలేదు, పొలం దారి నుంచి తారు రోడ్డుకు ఎక్కే చిన్న వాలు చాలు.

ఇంకో సంగతి చాలామంది ఆడవాళ్లకు తెలియదు. ట్రాక్టరుకు బ్రేకు పెడల్ ఒకటి కాదు, రెండు. ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. దున్నేటప్పుడు గట్టు దగ్గర చప్పున తిరగడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ చిన్న కొక్కెంతో కలిపి ఒకటి చెయ్యాలి. లేకపోతే కంగారులో ఒకటే తొక్కితే బండి ఒక పక్కకు గిర్రున తిరుగుతుంది. పొలం నుంచి నేరుగా జాతరకు బండి తోలే కుర్రాళ్లలో ఎంతమంది ఆ కొక్కెం వేస్తారో ఈసారి ఎక్కే ముందు చూడండి. కనబడుతుంది, దాక్కుని ఏమీ ఉండదు. అలాగే దిగుడులో డీజిల్ కలిసి వస్తుందని న్యూట్రల్ చేసే అలవాటొకటి ఉంది. గేరు తీసేస్తే ఇంజను పట్టు పోతుంది, అప్పుడిక ఆ రెండు చక్రాల బ్రేకు మీదే అంత బరువూ ఆధారం. ఇంజను శబ్దం ఉన్నట్టుండి మెత్తబడితే అదే జరిగిందని వెనక కూర్చున్నా తెలిసిపోతుంది. "గేరులో పోనీ నాయనా" అని గట్టిగా కేక వెయ్యడానికి మొహమాటం దేనికి?

2022 డిసెంబరులో మన చిత్తూరు జిల్లాలోనే, పూతలపట్టు మండలంలో, పెళ్లికి పోతున్న ట్రాక్టరు బోల్తా పడి ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరు దగ్గర పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించి గుడి నుంచి తిరిగొస్తున్న ట్రాలీ చెరువులో పడింది, ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ. 2018 జూన్‌లో తెలంగాణలో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడిందే, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. ఒక్కోదానికి కారణం ఒక్కోటి అయివుండొచ్చు, అన్నీ బ్రేకు వల్లనో టైరు వల్లనో అని నేను అనను. కానీ పోయినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూడండి.

"చట్టం ప్రకారం ట్రాలీలో మనుషులు ఎక్కకూడదు కదా, మీరేంటి బ్రేకుల గురించి మాట్లాడతారు" అని ఎవరైనా అనొచ్చు. నిజమే, అది సరుకు బండి. మనుషుల్ని ఎక్కించుకోవడం తప్పు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు డబ్బు రావడమూ కష్టం. వీలున్నచోట వ్యాను మాట్లాడుకోవాలి, నలుగురు కలిసి వేసుకుంటే మోయలేని ఖర్చేమీ కాదు. మేము గత రెండు జాతరలకూ అలాగే పోయాం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి కోతకు పోయే కూలీ మనిషికి వ్యాను ఎవరు పంపుతారు? ఆమె రేపు కూడా ట్రాలీయే ఎక్కుతుంది. ఎక్కకూడదని చెప్పి ఊరుకుంటే ఆమె బండి టైరు బాగుపడదు. మనుషులు ఎక్కకపోయినా, టమాటా బాక్సులతో మదనపల్లె మార్కెట్‌కు పోయే ఆ ట్రాలీ ముందర స్కూటీ మీద పోయేది మన పిల్లలే కదా.

ఇక డబ్బు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమాటా కిలో 150 రూపాయలు దాటిన రోజులు గుర్తున్నాయా? పంట చేతికొచ్చిన ఇళ్లలో కొత్త బండ్లు వచ్చాయి, బంగారం వచ్చింది. వద్దనను, ఏళ్ల తరబడి రోడ్డు పక్కన టమాటా పారబోసిన చేతులవి. కానీ ఆ పంటను మార్కెట్‌కు మోసిన ట్రాలీకి టైర్లు మార్చామని చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ఇంటి పద్దు రాసేది మనమే అయిన ఇళ్లలో కూడా ట్రాలీ అనే మాట ఆ పుస్తకంలో ఉండదు. డ్వాక్రా అప్పుతో ట్రాలీ కొనే అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: షెడ్డులో కొత్తగా చేయించేటప్పుడే బ్రేకు పెట్టించండి. ట్రాక్టరు బ్రేకుతో పాటు పైపు ద్వారా పట్టుకునే రకం ఉంది, ట్రాలీ ముందుకు తోసినప్పుడు దానంతట అదే పట్టుకునే రకమూ ఉంది. తరువాత పెట్టిద్దామంటే ఆ తరువాత రాదు.

మా తాతకు ఎడ్లబండి ఉండేది. పుంగనూరు సంతకు పోవాలంటే ముందు రోజు సాయంత్రమే ఇరుసుకు కందెన పూసి, కడశీల కదిలించి చూసి, ఆ తరువాతే ఎడ్లకు కుడితి పెట్టేవాడు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అన్నారా? ట్రాలీకీ అదే వర్తిస్తుంది. బేరింగులో గ్రీజు ఎండిపోతే చక్రం కీచుమంటుంది. కొంత దూరం పోయాక ఆపి చక్రం నడిమి భాగం దగ్గర వెనక చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. ఇడ్లీ పాత్ర మూత వేడి చూసే చెయ్యికి అది పెద్ద విద్యేం కాదు. ఒక చక్రం రెండోదానికంటే బాగా కాలుతుంటే దానికి మెకానిక్ అవసరమైంది. ఇంజనుకూ ట్రాలీకీ మధ్య ఉండే పిన్నుకు అడుగున చిన్న కొక్కి ఉందా, లేక కమ్మీ ముక్క దూర్చి వదిలేశారా అన్నదీ కంటికి కనిపించేదే. టైరు వయసు కూడా దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. పక్కన గుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మీ అమ్మాయి పదో తరగతి మార్కుల కంటే త్వరగా దొరుకుతాయి అవి.

జాతర దగ్గర ట్రాలీని ఇంజను నుంచి విడదీసి వదిలేసినప్పుడు ఒక జాగ్రత్త. బ్రేకు లేని ట్రాలీని ఆపేది రాళ్లు మాత్రమే. దాని నీడలో మనం పొయ్యి పెడతాం, పసిపిల్లల్ని పడుకోబెడతాం. రెండు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పడ్డాయో లేదో చూడకుండా పొయ్యి వెలిగించకండి.

ఇవన్నీ అడిగితే మగవాళ్లు నవ్వుతారు. మా ట్రాలీకి టైర్ల ధర కనుక్కుందామని నేనొక టైర్ల కొట్టుకు పోతే, అక్కడి మనిషి నా తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ "సార్‌ను పంపండమ్మా" అన్నాడు. సార్ రాడనీ, డబ్బు నా చేతిలోనే ఉందనీ చెప్పాక కుర్చీ వేశాడు. మా మామగారు అయితే "ఇంత కాలం లేని బ్రేకు ఇప్పుడెందుకమ్మా" అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఆయన మాటకు ఎదురు చెప్పకుండా, టైర్లు మార్పించాను. బ్రేకు బేరం నడుస్తోంది.

కాస్త సంకోచం ఉన్నది డ్రైవరు పిల్లవాడి గురించే. పాపం, అద్దె బండి తోలే కుర్రాడిని పదిమంది ముందు పెడల్ కొక్కెం వేశావా అని అడిగితే నొచ్చుకుంటాడేమో అనుకున్నాం మా వీధి ఆడవాళ్లందరం. మొన్న కోతకు పోయే కూలీ అమ్మలు ఎక్కే ముందు అతన్ని పక్కకు పిలిచి, మెల్లగా అడిగాను. వాడు నొచ్చుకోలేదు. వంగి కొక్కెం వేసి, ట్రాలీ వెనక టైరు వైపు చూపించి, "అక్కా, ఇది కూడా ఓనరుతో మీరే చెప్పండి. నేను చెబితే ఇంకో డ్రైవరును చూసుకుంటాడు" అన్నాడు.