కుర్చీలో ఉండగా కేసా?

అది 1972 జూన్ 17. అర్ధరాత్రి దాటింది. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో అయిదుగురు దొంగలు పట్టుబడ్డారు. వాళ్లు వచ్చింది డబ్బు కోసం కాదు, డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులో మాటలు దొంగచాటుగా వినే ఏర్పాటు చేయడానికి. ఆ చొరబాటుకు అధ్యక్షుడు నిక్సనే ఆదేశించారనడానికి రుజువు దొరకలేదు. ఆయన్ను ముంచింది తర్వాత చేసిన పని. ఆరు రోజులకే, ఎఫ్‌బీఐ దర్యాప్తును సీఐఏ చేత ఆపించే పథకానికి ఆయన సరేనన్నారు. ఆ మాటలు సొంత ఆఫీసు టేపుల్లోనే రికార్డయ్యాయి!

చట్టం దీన్ని 'న్యాయానికి అడ్డుపడటం' అంటుంది. సాక్ష్యాలు మాయం చేసినా, సాక్షుల్ని బెదిరించినా ఈ నేరమే. మామూలు మనిషికైతే జైలే. మరి అధ్యక్షుడే చేస్తే?

అమెరికా రాజ్యాంగంలో దీనికి సూటి జవాబు లేదు. పదవిలో ఉండగా అధ్యక్షుడిపై అభియోగం మోపకూడదని 1973లో అక్కడి న్యాయశాఖ ఓ మెమో రాసుకుంది. ఆయన కోర్టుల చుట్టూ తిరుగుతుంటే దేశాన్ని నడిపేదెవరన్నది వాదన. 2000లోనూ అదే మాట చెప్పింది. ఇది కోర్టు తీర్పు కాదు, శాఖ తనకు తాను గీసుకున్న గీత. అయినా ఇంతవరకూ దాన్ని ఎవరూ దాటలేదు.

ఇక మిగిలింది అభిశంసన. నిక్సన్‌పై మొదటి అభియోగం ఇదే. 1974 ఆగస్టు 9న ఆయన గద్దె దిగారు. సెప్టెంబరు 8న కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టేయడంతో కేసే లేకుండా పోయింది. క్లింటన్‌ను ప్రతినిధుల సభ 1998లో అభిశంసించింది. 1999లో సెనేట్‌లో ఈ ఆరోపణపై ఓట్లు 50-50. కావాల్సింది 67. ఆయన గట్టెక్కారు.

ట్రంప్ తొలి పాలనలో, ముల్లర్ నివేదిక (2019) పది సంఘటనల్ని పరిశీలించింది. మెమోను గౌరవించి, నేరం చేశారని అనలేదు. నిర్దోషి అనీ అనలేదు! 2023లో, ట్రంప్ మాజీగా ఉన్నప్పుడు, రహస్య పత్రాల కేసులో ఇదే నేరం మోపారు. 2024 జులైలో జడ్జి ఆ కేసు కొట్టేశారు. ఆయన మళ్లీ గెలిచాక, అదే మెమో కారణంగా ప్రభుత్వ లాయర్లు ఆయనపై అప్పీలునూ వదులుకున్నారు. అదే 2024లో సుప్రీంకోర్టు మరో రక్షణ ఇచ్చింది. రాజ్యాంగమిచ్చిన కీలక అధికారాలతో చేసిన పనులకు, పదవి దిగాక కూడా, విచారణ ఉండదంది. సొంత పనులకు మాత్రం ఆ రక్షణ లేదు.

మన దగ్గర ఈ సందేహం లేదు. పదవిలో ఉన్నంతకాలం రాష్ట్రపతి, గవర్నర్లపై క్రిమినల్ కేసు నడపకూడదని 361వ అధికరణం తేల్చేసింది. పాలన చేతిలో ఉండే ప్రధానికి, ముఖ్యమంత్రులకు మాత్రం ఆ గొడుగు పట్టలేదు. అమెరికాలో పాలించేదీ, గొడుగు కిందున్నదీ ఒక్కరే. చిక్కంతా అక్కడే!