చెవి దిబ్బడకు నూనె చికిత్స

కువైటునందలి అర్దియాలోని వర్క్‌షాపులయందు మెకానిక్కులుగాను, అరబ్బుల యిండ్లయందు డ్రైవర్లుగాను పనిచేయు మన కడప, కోనసీమ వారిలో నెవరికైనను రొంప తగ్గిన పిమ్మట చెవి దిబ్బడవేసినచో, రూములోని నలుగురును ఏకకంఠముగా విధించు చికిత్స యొకటి కలదు: వెల్లుల్లి వేసి కాచిన నూనెను గోరువెచ్చగా చెవిలో పోయవలెను, దానికి లొంగనిచో, ఊరినుండి వచ్చినవారి పెట్టెలోని యాంటీబయాటిక్కు మాత్రలు మ్రింగవలెను. చదువుకొన్నవారును దీనికి తలయూపుచుండుట చూడగా, ఖండింపక యూరకుండుట తగదని తోచుచున్నది.

చెవిలో తెలియు బాధకు కారణమును చెవిలోనే యుండుననుట యీ మతమునకు మూలమైన భ్రమ. కర్ణభేరికి వెనుకనున్న మధ్యకర్ణమునకు గాలి చేరునది ముక్కు వెనుకనుండి, యూస్టాషియన్ నాళము ద్వారా. పెద్దవారిలో సుమారు 36 మిల్లీమీటర్ల పొడవుగల యీ నాళము సామాన్యముగా మూసికొనియుండి, గుటకవేసినప్పుడును ఆవులించినప్పుడును క్షణకాలము తెఱచుకొనును. వైరసు వలని జలుబులో దాని లోపొర వాచి యా తెఱపి నిలిచిపోగా, మధ్యకర్ణమందలి గాలిని చుట్టునున్న పొర క్రమముగా పీల్చివేయును; పీడనము తగ్గి కర్ణభేరి లోనికి గుంజబడును; తుదకు ఆ పొరనుండియే ద్రవ మూఱి యక్కడ నిలుచును. రంధ్రము లేని కర్ణభేరిని దాటి నూనెబొట్టు లోనికి పోజాలదు; వీధివాకిట నీళ్లు చల్లి పెరటి తూము పూడిక తీయగోరుట యెట్టిదో యిదియు నట్టిదే. రంధ్రమున్నచో నూనె పోయుట మఱియు హానికరము.

మాత్రలమాట యింతకంటె మేలు గాదు. జ్వరమును, తీవ్రమైన పోటును, చీమును ఉన్నచో నది వేఱు వ్యాధి; దానికి వైద్యుడు యాంటీబయాటిక్కు నీయవచ్చును. ఇచ్చట నిలిచినది జలుబు విడిచిపోయిన ద్రవము. అది చాలమందిలో కొన్ని వారములలో, కొందఱిలో మూడు మాసములవఱకు పట్టినను, తనంతట తానే యింకిపోవును. "నాకు మాత్రతోనే తగ్గినది" యనువాడు అబద్ధమాడుట లేదు. ఎట్లును తగ్గబోవుదానికి మాత్రను కర్తగా నిలుపుచున్నాడు, అంతే. 1704లో ఇటలీ వైద్యుడు వల్సాల్వా వర్ణించిన ముక్కు మూసి గాలి యూదు పద్ధతియు, 1863లో వియన్నా వైద్యుడు ఆడం పొలిట్జరు రబ్బరు తిత్తితో గాలి పంపిన పద్ధతియు ముక్కు దారినే పట్టినవి గాని చెవి దారిని పట్టలేదు. (ముక్కు నిండ చీమిడి యున్నప్పుడు బలముగా నూదుట మాత్రము కూడదు.)

లోపలినుండి మామా (ఇంటి యజమానురాలు) పిలిచిన పిలుపు వినబడక మాటపడు డ్రైవరునకు ఓపికపట్టుమని చెప్పుట సులభము, పట్టుట కష్టము. ఆ మాట కాదనను. అయినను ఆ నిరీక్షణను ఒక్క దినమైనను తగ్గింపజాలని మందునకు డబ్బును, కడుపును అర్పించుట వలన అతని కొఱుగున దేమి?

నిజమునకు, నూనె చేయు కీడుకంటె అది కలిగించు నమ్మకము చేయు కీడు పెద్దది. ఒక్క రాత్రిలో ఒక చెవికి చెవుడు వచ్చినచో, అది ద్రవమువలన గాక లోపలి చెవి నరము దెబ్బతినుటవలన గావచ్చును. దానికి స్టీరాయిడు చికిత్స దినములలోనే మొదలుపెట్టవలెను, రెండు వారములు దాటిన పిదప ఫలము మిక్కిలి తగ్గును. మూడు మాసములైనను ఒక్క చెవిలోనే ద్రవము వదలని పెద్దవానికి, నాళము ముక్కులోనికి తెఱచుకొను చోట గడ్డ యేదైన నున్నదేమో వైద్యుడు గొట్టము పంపి చూడవలసియున్నది, ఏలయన నాసాగ్రసని క్యాన్సరు కొందఱిలో ముందుగా నిట్లే తెలియవచ్చును. "సెలవుకు ఊరికి పోయినప్పుడు చూపించుకొందునులే" యని యింతలో నూనె పోయించుకొనుచుండువాని కీ రెంటిలో ఏది పట్టినదో రూములో నెవ్వరును చెప్పజాలరు.