గ్లౌజులు ఎవరి ఖాతాలో?

మంచాన పడ్డ ముసలివాళ్లకు ఇళ్లల్లో చాకిరీ చేసే స్త్రీలను గురించి ఈమధ్య సభల్లో చాలా మంచి మాటలు వింటున్నాం. వాళ్లు చేసేది ఉద్యోగం కాదట, సేవ అట. కన్నబిడ్డలు చెయ్యలేనిది చేస్తున్న తల్లులట. శాలువాలు కప్పి ఈ మాటలు చెప్పే పెద్దలను నేనడగదలచింది ఒక్కటే: ఆ తల్లుల చేతులకు గ్లౌజులు ఎవరు కొనాలి?

ప్రశ్న చిల్లరగా కనిపించవచ్చు. సాహిత్య విమర్శ రాయవలసిన పుటల్లో ఈ రబ్బరు తొడుగుల గొడవ ఏమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించనూవచ్చు. కాని ఒక మాట ఎవరి పక్షాన పనిచేస్తున్నదో కనిపెట్టటం విమర్శకుడి పని కాకపోతే మరెవరి పనో నాకు తెలీదు.

మాది పెడన. నేసేవాళ్ల వూరు, అద్దేవాళ్ల వూరు. కరక్కాయ నీళ్లలో, పటిక నీళ్లలో నాని పగిలిన చేతులు ఇక్కడ వింత కాదు. మగ్గం కూడుపెట్టని ఇళ్లనుంచీ, పని తగ్గిన అద్దకం షెడ్లనుంచీ ఆడవాళ్లు ఇప్పుడు రోగుల్ని చూసుకునే పనికి వెళుతున్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో వుంటే ఇక్కడ మిగిలిన తల్లిదండ్రులకు వీళ్లే దిక్కు.

మా అమ్మకు పక్షవాతం వచ్చాక మా యింటికీ ఒకామె వచ్చింది. పంపిన ఏజెన్సీ నా దగ్గర నెలకు 18,000 తీసుకుని ఆమెకు 12,000 ఇచ్చేది. మూత్రపు సంచి ఖాళీ చెయ్యటం, డైపర్లు మార్చటం, వీపున పడిన పుండు కడిగి కట్టు కట్టటం, పూటపూటా ఇన్సులిన్ సూది వెయ్యటం - ఇదీ పని. మొదటి వారంలోనే చూశాను: వాడిన గ్లౌజుల్ని సబ్బుతో వుతికి దండెం మీద ఆరేస్తున్నది. ఒక్కసారి వాడి పారెయ్యవలసిన వస్తువు!

"అదేమిటక్కా?" అంటే, "పెట్టె నా డబ్బులతోనే కొనుక్కోవాలి మాస్టారూ, నెలాఖరుదాకా రావద్దా?" అన్నది.

ఏజెన్సీకి ఫోను చేశాను. తాము మనిషిని కుదిర్చిపెట్టేవాళ్లమేనని, సామానుతో తమకు సంబంధం లేదని అన్నారు. ఒప్పందం తీసి చదివాను. రోగికి కావలసిన వస్తువులన్నీ ఇంటివాళ్లు తెచ్చుకోవాలని వుంది. పనిచేసే మనిషికి కావలసినవి ఎవరు తేవాలో లేదు. ఆ ఖాళీని నేనూ ఖాళీగానే వుంచాను. దాచటమెందుకు? మూడు వారాలు వుంచాను. క్లాసులో శ్రమ విలువను గురించి గొంతెత్తి చెప్పి, ఇంటికొచ్చి, ఆ దండెం కిందనుంచే తలవంచుకుని లోపలికి వెళ్లాను.

తరవాత ఒకనాడు మా అమ్మకు వేసిన సూది ఆమె వేలికి గుచ్చుకుంది. గ్లౌజు సూదిని ఆపదు, నిజమే. కాని హెపటైటిస్ బి రక్తం ద్వారా సోకుతుంది. దానికి టీకా వున్నది, ఆరు నెలల్లో మూడు మోతాదులు. ఆమెకు ఒక్కటీ పడలేదు. పరీక్షలకూ టీకాకూ నేనే డబ్బిచ్చాను. ఆమె నాకు దండం పెట్టింది. హక్కుగా అందవలసింది దానంగా అందితేనే గదా మనిషి దండం పెట్టేది! ఆ దండం పుచ్చుకున్నవాణ్ణి గనకనే ఇది రాస్తున్నాను.

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి తన సిబ్బందికి రక్షణ సామగ్రి ఇవ్వాలి, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. అదే పుండు, అదే సూది, అదే రోగి. ఆసుపత్రి మంచం మీదనుంచి ఇంటి మంచం మీదికి మారగానే ఆ బాధ్యత ఆవిరైపోతుంది. అమెరికా కార్మిక రాజ్యమేమీ కాదు. అయినా అక్కడ 1991లో చేసిన నిబంధన ప్రకారం, ఇళ్లకు మనుషుల్ని పంపే సంస్థలు సైతం గ్లౌజులూ హెపటైటిస్ టీకా వుచితంగా ఇవ్వాలి. అక్కడ వుండి ఇక్కడి తల్లికి ఫోనులో మనిషిని కుదిర్చే మన పిల్లలకు ఈ సంగతి తట్టదు కాబోలు. రక్షణ చర్యలకు కార్మికుడి చేత పైసా పెట్టించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 155వ ఒడంబడికలో రాసింది. ఇంటిపనివారి కోసం 2011లో 189వ ఒడంబడిక వస్తే మన ప్రభుత్వం జెనీవాలో అనుకూలంగా ఓటు వేసింది. పదేళ్లు గడిచినా ధ్రువీకరించలేదు.

ప్రభుత్వానికీ ఈ సేవ అనే మాట మీద మోజు ఎక్కువే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త కార్మికురాలు కాదు, స్వచ్ఛంద సేవకురాలు! 2020లో కోవిడ్ కోసం ఇల్లిల్లూ తిరిగిన ఆమే ఆ ఆగస్టులో జీతం కోసమూ, రక్షణ సామగ్రి కోసమూ దేశవ్యాప్తంగా సమ్మె చెయ్యవలసి వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమెకు పురస్కారం ఇస్తే చప్పట్లు మాత్రం అందరూ కొట్టారు.

మన మిత్రులే ఒకరు నాతో అన్నారు: ఇల్లు ఫ్యాక్టరీ కాదు, ఏజెన్సీవాడు టాటా కాదు, ఇందులో యజమాని ఎవడని. లెక్క చూద్దాం. పెట్టెలో నూరు గ్లౌజులు, అంటే యాభై జతలు. రోజుకు నాలుగు జతలు మారిస్తే నెలకు రెండున్నర పెట్టెలు కావాలి. పెట్టె 400 అనుకున్నా నెలకు 1,000 రూపాయలు. ఆమె జీతంలో అది పన్నెండో వంతు. ఏజెన్సీ మిగుల్చుకునే 6,000లో ఆరో వంతు. మనిషిని పంపి ప్రతి నెలా ఆమె పని మీద వాటా తీసుకునేవాడు యజమాని కాకపోతే యజమాని అనే మాటకు అర్థమేమిటి? మొదటి బాధ్యత అతనిది. అతను తప్పుకుంటే నాది. ఆమెది మాత్రం ఎన్నటికీ కాదు.

గ్లౌజులు, మాస్కులు, టీకా ఏజెన్సీ ఖర్చేనని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చి, సంతకం పెట్టి పంపాను. పదిరోజులకు ఫోను వచ్చింది. ఆ వాక్యం గురించి ఒక్క మాటా లేదు. కావాలంటే ఆమెను మార్చి మరొకరిని పంపుతామన్నారు.