మూగ బాకాలకు గుడి కట్టేవారితో వాదం



పాత సినిమాహాళ్ళలో తెర వెనుక నిలిచి పలికిన కొమ్ము లౌడ్‌స్పీకర్లను వెదకి తెచ్చి, విరిగినవి అతికి, చెడినవి మార్చి, మళ్ళీ పలికించే అభిమానులు జపానులో, కొరియాలో, ఐరోపాలో, అమెరికాలో ఉన్నారు. వారి శ్రమ యందు నాకు గౌరవమే. అయితే వారిలో ఒక వర్గం క్రమంగా ఒక మతంగా పరిణమించింది. "అసలు" అన్న మాట ఆ మతానికి మూలమంత్రం. కొమ్ము అసలుదా, పైనున్న రంగు అసలుదా, వెనుకనున్న పేరు రేకు అసలుదా అన్నవే వారి మీమాంసలు. అది ఎలా పలుకుతున్నది, ఎవరు వింటున్నారు అన్న ప్రశ్నలకు ఆ మతంలో చోటు తక్కువ. ఈ ధోరణి తప్పని నా వాదం.

ముందు వస్తువేమిటో చెప్పుకోవాలి. అమెరికాలో శబ్దచిత్రాలు తలెత్తుతున్న 1926 ప్రాంతంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 555 అనే ధ్వనియంత్రాన్ని తయారుచేసింది. బెల్ ప్రయోగశాలకు చెందిన వెంటె, థురాస్ అనే ఇంజనీర్లు దాని రూపకర్తలు. అందులోని డయాఫ్రమ్ అల్యూమినియం మిశ్రలోహపు రేకు. మందం అంగుళంలో వెయ్యింట రెండు వంతులు. దాని అయస్కాంతం శాశ్వతాయస్కాంతం కాదు, తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినంతసేపే ఉండేది. ఆనాటి సాధారణ స్పీకర్లు తమకందిన విద్యుత్తులో నూటికి ఒక వంతు మాత్రమే శబ్దంగా మార్చగలిగితే, ఇది దాదాపు సగం మార్చగలదని వారిద్దరూ 1928లో ప్రకటించారు. అప్పటి యాంప్లిఫయర్ల శక్తి కొద్ది వాట్లే. ఆ కొద్ది శక్తితో పెద్ద హాలును నింపిన ఘనత ఈ యంత్రానిది, దానికి తగిలించిన కొమ్ముది.

కొమ్ము చేసే పని మనకు తెలియనిదేమీ కాదు. పొలం అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచేవాడు రెండు చేతులూ నోటి చుట్టూ చేర్చి పిలుస్తాడు. మన కొమ్ముబూరలోనూ ఈ రహస్యమే ఉంది. సన్నని మొదటిలో చిన్న రేకు గాలిని బలంగా నొక్కుతుంది. ఆ ఒత్తిడి క్రమంగా వెడల్పయ్యే గొట్టం వెంట సాగి, బయటి విశాలమైన గాలిని కదిలించగల అలగా మారుతుంది. అయితే మంద్రస్వరం కావాలంటే గొట్టం మెల్లగా విచ్చుకోవాలి, నోరు పెద్దది కావాలి. అందుకే ఈ కొమ్ములు గదిని మింగేటంత ఉంటాయి.

ఇక నా మొదటి ఆక్షేపణ. ఈ పరికరాలను ఆ సంస్థ థియేటర్లకు అమ్మలేదు, దీర్ఘకాలపు ఒప్పందాల మీద అద్దెకు ఇచ్చింది. అంటే పుట్టినప్పుడు ఇవి ఏ రసికుని సొత్తూ కావు. టిక్కెట్టు కొన్న ప్రతివానికీ, బెంచీలో కూర్చున్న కూలివానికీ కూడా వినిపించడానికి పుట్టినవి. వందలమంది కోసం పుట్టిన గొంతును ఒక్కని కోసం తాళం వేసిన గదిలో బంధించి, దానికి "పరిరక్షణ" అని పేరు పెట్టడం న్యాయమా? పైగా ఒకరి గొప్ప మరొకరు బాకా ఊదుకోవడంతో ధర పెరుగుతుంది. ధర పెరిగిన కొద్దీ వస్తువు మరింత లోపలి గదిలోకి పోతుంది.

వారి సమాధానం నాకు తెలుసు. "వాడితే అరిగిపోతుంది, ఆ రేకు చిరిగితే మళ్ళీ దొరకదు" అంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని దీనికి విరుగుడు మన సాహిత్యచరిత్రలోనే ఉంది. తాటాకు ప్రతులు శిథిలమవుతున్న కాలంలో సి.పి. బ్రౌన్ వాటిని పట్టుబట్టలో చుట్టి దాచుకోలేదు. ఒక కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. తన సేకరణను మద్రాసులో గ్రంథాలయానికి అప్పగించాడు. మూలం నశించే స్వభావం కలది గనుక నకలు తీయాలి. నకలు తీయడం మూలానికి అవమానం కాదు, ఆయుష్షు పోయడం. జపానులో జి.ఐ.పి. లేబొరేటరీ 555కు ప్రతిరూపాలు తయారుచేసింది. వాటిని "నకిలీ" అని ఈసడించేవారు నకలుకూ నకిలీకీ భేదం తెలియనివారు.

లండన్ సైన్స్ మ్యూజియం ఉదాహరణ చూడండి. 1929లో అక్కడి డెన్మన్ అనే అధికారి 27 అడుగుల పొడవున్న కొమ్మును రూపొందించాడు. నోరు ఒక్కొక్క పక్క ఏడడుగులకు పైబడిన చతురస్రం. సెకనుకు 32 కంపనాల మంద్రస్వరం వరకు పలకాలని దాని లెక్క. ఆ స్వరపు అల పొడవే సుమారు 35 అడుగులు. దాని మొదట్లో అమర్చినది ఈ 555 జాతి యంత్రమే. 1930ల దశకంలో సందర్శకులు దాని ముందు కూర్చుని బి.బి.సి. ప్రసారాలు విన్నారు. 1949లో కూల్చివేత పనుల్లో జరిగిన ప్రమాదంలో అది ధ్వంసమై, తొమ్మిది అడుగుల ముక్క మాత్రం మిగిలింది. మన "అసలు" మతస్థులైతే ఆ ముక్కను అద్దాలపెట్టెలో పెట్టి హారతి పట్టి ఉండేవారు. అలెక్స్ కొల్కొవ్‌స్కీ అనే శబ్దకళాకారుడు, మ్యూజియం పనివారు కలిసి కొమ్మును పునర్నిర్మించారు. 2014లో అది మళ్ళీ ప్రజల ముందు పలికింది. ఇది జీర్ణోద్ధరణ.

రెండవ ఆక్షేపణ సత్యానికి సంబంధించినది. డయాఫ్రమ్ కొత్తది, తీగచుట్ట మళ్ళీ చుట్టినది, కొమ్ము చెక్క నిన్నటిది. అయినా అమ్మేటప్పుడు "అసలు" అంటారు. గ్రంథపరిష్కర్తకు ఒక ధర్మం ఉంది. శిథిలమైన చోట తాను పూరించిన అక్షరాలను కుండలీకరణాల్లో చూపాలి. పాఠభేదాలను అధోజ్ఞాపికలో చెప్పాలి. తన పూరణను కవి మీద రుద్దితే అది ప్రక్షిప్తం. శబ్దయంత్రానికైనా ఈ ధర్మం వర్తిస్తుంది. ఏ భాగం పాతది, ఏది కొత్తది, ఎందుకు మార్చవలసివచ్చింది అన్నది పునర్నిర్మాత రాసి పెట్టాలి. రాయనివాడు ఎంత నేర్పరి అయినా రాబోయే తరాన్ని మోసగించినవాడే. ఎందుకంటే వారు ఈ వస్తువునే కొలిచి 1926 నాటి శబ్దం ఇదని నమ్ముతారు.

ఇక అటువైపు నుంచి ఎగతాళి చేసేవారు కొందరున్నారు. "ఇప్పటి చిన్న స్పీకరు అంతకంటె విశాలమైన స్వరశ్రేణి పలుకుతుంది, ఈ పాత గొట్టాలెందుకు?" అని. 555 ఒంటరిగా తారస్థాయి చివరి అంచులు పలకలేదన్నది నిజం. అభిమానులే దానికి మరో యంత్రం జతచేస్తారు. అయినా కొద్ది వాట్లతో ఒక మానవకంఠాన్ని ఎదురుగా నిలబెట్టే ఆ విద్య నేర్చుకోదగినదా కాదా అన్నది వినకుండా తేల్చే విషయం కాదు. ఎగతాళి చేసేవారు వినలేదు. దాచుకున్నవారు విననివ్వలేదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు సహాయకులన్నది నా అభిప్రాయం.

సియోల్‌లో 2024లో ఆడియమ్ అనే మ్యూజియం తెరిచారు. భవనం రూపకర్త జపాను వాస్తుశిల్పి కెంగో కుమా. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కొమ్ములు అక్కడ జనం కోసం పలుకుతున్నాయి. అంత భవనం అందరూ కట్టలేరు, నిజమే. నేను అడిగేది అంత పెద్దదేమీ కాదు. కొమ్ము ఉన్నవారు దాని కొలతలను ప్రకటించండి, వడ్రంగం తెలిసిన కుర్రవాడెవడైనా మరొకటి చేసుకుంటాడు. మార్చిన భాగాల పట్టిక రాసి కొమ్ముతోనే ఉంచండి. నెలకొక సాయంత్రం తలుపు తీసి, వీధిలోని పదిమందిని పిలిచి వినిపించండి.

దీనికి ప్రతివాదం చేయదలచినవారు తప్పక చేయండి. వింటాను.

స్వస్తి.